సీరియల్లో పిల్ల పరీక్షకు పోయింది

సారూ, సారు దగ్గర చదువుకునే పిల్లా ప్రేమించుకున్న కథలంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని, చిర్రెత్తకుండా ఎట్లా ఉంటుంది? పదిహేనేళ్ళ పిల్ల ఒక పక్క, ఆ పిల్లకు మార్కులు వేసే మనిషి ఇంకో పక్క. మధ్యలో ఒక పువ్వు పెట్టి, వెన్నెల కాయించి, దాన్ని ప్రేమ అని రాసేస్తారు. అయితే నిజం కూడా ఒప్పుకోవాలి. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు అటువంటి సీరియల్ ఒకటి వారం వారం ప్రాణం పెట్టి చదివాను. నేను చదవడమే కాదు, మా వాడకట్టు ఆడవాళ్ళందరికీ చదివి వినిపించాను.

మాది కొల్లాపూర్. అరవైల మొదటి సంవత్సరాలవి. దసరా పోయిందంటే మా వాకిలి నిండా పల్లికాయ కుప్ప. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అమ్మ, పెద్దమ్మ, పక్కిళ్ళ ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు చాటలు ముందు పెట్టుకుని కాయ ఒలవడానికి కూర్చునేవారు. పెద్దమ్మ అంటే మా నాయిన అన్న భార్య. మా గోడకు ఆనుకునే వాళ్ళ ఇల్లు. పిల్లలు లేరు. నా మీద అమ్మకు ఎంత హక్కుందో తనకూ అంతే ఉందని అనుకునేది, నేనూ అట్లాగే అనుకునేదాన్ని. వాళ్ళెవరికీ అక్షరాలు రావు. నాకు వచ్చు. కాబట్టి నేను అరుగు మీద కూర్చుని పత్రిక చదవాలి, వాళ్ళు ఒలుస్తూ వినాలి. ఒక్క కాయ కూడా ముట్టకుండా తప్పించుకోవడానికి ఇంతకన్నా మంచి ఉపాయం నాకు దొరకలేదు.

పత్రిక మా లెక్కల సారుది. గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చాడు. పాతికేళ్ళుంటాయి, పెళ్ళి కాలేదు. మా ఎదురింటి ముందరి గది కిరాయికి తీసుకున్నాడు. ఆయన 'ఏమండీ' అన్నప్పుడల్లా పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. పోస్టులో ఆయనకు వారపత్రిక వచ్చేది. చదివేశాక శనివారం నాకిచ్చేవాడు, మళ్ళీ సోమవారం నాకు లెక్కలు చెప్పేటప్పుడు వాపసు తీసుకునేవాడు. లెక్కల్లో నేను మొద్దును. బడి విడిచాక అరగంట నన్నూ, ఇంకో ఇద్దరు మొద్దులనూ కూర్చోబెట్టి లెక్కలు చెప్పేవాడు. మొత్తం తరగతిలో ఆడపిల్లలం ఇద్దరమే. దీపావళి నాటికి రెండో పిల్లకు పెళ్ళయిపోయి నేనొక్కదాన్నే మిగిలాను.

ఆ సీరియల్లో పిల్లది కూడా పదో తరగతే. సముద్రం పక్కన ఊరు. ఆ పిల్లకు ఇంట్లో చదువు చెప్పడానికి ఒక మాస్టారు వస్తాడు. మొదటి వారం ఆయన మంచివాడు. రెండో వారం కూడా మంచివాడే. మూడో వారం ఆ పిల్ల పుస్తకంలో ఒక సంపెంగ పువ్వు పెట్టి ఇచ్చాడు.

పెద్దమ్మ చేతిలో ఉన్న కాయ విసిరికొట్టింది. 'వాని చేతులిరగ! చదువు చెప్పుమంటే పువ్వులిస్తుండా? ఆ పిల్ల తల్లి ఏం జేస్తాంది ఇంట్ల?'

'తల్లికి తెలియదు పెద్దమ్మా,' అన్నాను.

'మనకెట్ల తెల్సింది మరి?'

'ఇది ఎవరో రాసిన కథ. ఉత్తదే.'

'ఉత్తదానికి గింత కాయితం ఖరాబు చేస్తరానే? గీ బొమ్మ జూడు. మనిషిని జూడకుంటనే దించిన్రా?'

ప్రతివారం కథ పైన, ఆ వారం సంగతికి తగ్గట్టు ఒక బొమ్మ వేసేవారు. రెండు జడలు, కోల మొహం, ప్రతివారం అదే పిల్ల, ఒక్కోసారి పక్కన మాస్టారు. ఆ బొమ్మే వాళ్ళకు సాక్ష్యం. ఎక్కడో సముద్రం ఒడ్డున ఆ పిల్ల నిజంగా ఉంది, ఆమె సంగతి వారం వారం మనకు తెలుస్తోంది, అంతే. నేను రెండుసార్లు విడమరిచి చెప్పి ఊరుకున్నాను. అబద్ధం అంటే వాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకుంటే ఇంక వినరు, వినకపోతే నేను కాయలు ఒలవాలి.

పైగా నాకూ పిచ్చి పట్టింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గాని, మా సారు మొహం పత్రికలో మాస్టారి బొమ్మలాగా కనిపించడం మొదలైంది. ఒక జడ కాస్తా రెండు జడలయింది. లెక్క రాకపోయినా ఫికర్ లేదు, ఇంకోసారి చెప్పించుకోవచ్చు అనిపించేది. పాపం ఆ మనిషికి ఇదేమీ తెలియదు. తలుపు బార్లా తెరిచి, బల్లకు అవతల నిలబడి, చాక్‌పీసు పొడి నిండిన చేతులతో త్రిభుజాలు గీసేవాడు. ఒక్కనాడు కూడా అక్కర్లేని మాట మాట్లాడలేదు. అందుకే నాకు కొంచెం కోపం కూడా వచ్చేది. సీరియల్లో మాస్టారు అప్పటికే కవిత్వం దాకా పోయాడు మరి.

ఇట్లా లాభం లేదని ఒక శనివారం నేనే తెగించాను. సీరియల్లో సంపెంగ. మా పెరట్లో చామంతులు తప్ప ఇంకేమీ లేవు. పొద్దున్నే ఒక పెద్ద పసుప్పచ్చ చామంతి తెంపి, ఆ రోజు దిద్దడానికి ఇవ్వాల్సిన లెక్కల నోటుబుక్కులో పెట్టాను. సంపెంగయితే అణిగి ఉంటుంది. చామంతి అణగదు. పుస్తకం మూయబోతే మధ్యలో ఎత్తుగా లేచింది. ఎట్లాగో సంచీలో కుక్కి, సంచీని కొయ్యకు తగిలించి స్నానానికి పోయాను. బడికి పోయాక కళ్ళు మూసుకున్నంత పని చేసి నోటుబుక్కుల దొంతర అడుగున నాది తోసేశాను.

ఆ రాత్రి అన్నం సయించలేదు. పువ్వు చూసి సారు ఏమంటాడు? నవ్వుతాడా? హెడ్మాస్టరుకు చెబుతాడా? చెబితే నాయిన చేతిలో నా చదువు ఆ రోజుతో సరి. ఆ బుద్ధి ముందు లేకపోయింది, పువ్వు ఇచ్చాక వచ్చింది.

మర్నాడు ఆదివారం. ఆ వారం కథలో మాస్టారు ఆ పిల్లతో, 'నీ చదువు నేను చూసుకుంటాను, ఈ ఇల్లు విడిచి నాతో రా' అన్నాడు. నేను ఆ మాట చదవగానే చాటలన్నీ ఆగిపోయాయి. పెద్దమ్మ మెల్లగా కొంగు దులుపుకుని, 'అమ్మాయీ, ఒక కార్డు తీయి. ఆ పిల్ల తల్లికి రాయాలె. తెల్సి గూడ చెప్పకుంటే ఆ పాపం మనకే తగులుతది,' అంది.

ఎంత బతిమాలినా వినలేదు. కార్డు తెచ్చి ఆమె చెప్పినట్టే రాశాను. 'అమ్మా, మేము కొల్లాపూర్ ఆడోళ్ళం. నువ్వు మాకు ఎరుక లేదు. నీ బిడ్డకు చదువు చెప్పెటోడు మంచోడు గాదు. చదువు మాన్పియ్యకు, వాన్ని మాన్పియ్యి. చదువు చెప్పేకాడ నువ్వు గూడ కూసో. పని ఉంటే అక్కడనే చేసుకో. బిడ్డను కొట్టకు, చిన్నది, దానికేం తెలుసు.' చివరి మాట చెబుతున్నప్పుడు పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ చిన్నది నేనే అని నాకొక్కదానికే తెలుసు, లేదా నాకొక్కదానికే తెలుసని అనుకున్నాను.

అప్పుడే మా నాయిన మాట వినిపించింది. ఆయన దొడ్లో తాడు పేనుతూ అంతా వింటున్నాడు. నాయిన తక్కువ మాట్లాడే మనిషి. మాట్లాడితే మాత్రం అది తిరగదు.

'ఆ పిల్ల సంగతి ఏమైతదో జూస్త,' అన్నాడు. 'చదువుకున్న పిల్ల గట్లనే లేచిపోయిందంటే, మన పిల్లకు పరీక్ష ఎందుకు? సంబంధం చూసుకుంటె అయిపాయె.'

ఎవరో కాయితం మీద పుట్టించిన పిల్ల మీద నా పరీక్ష ఆధారపడింది. ఇంత అన్యాయం ఇంకెక్కడైనా ఉంటుందా? నాయినతో వాదించే ధైర్యం లేక, అరుగు మీద కూర్చుని లోలోపల ఆ రచయితను తిట్టాను.

సాయంత్రం దీపాలు పెట్టకముందు సారు దిద్దిన నోటుబుక్కు పట్టుకుని మా గడప దగ్గరికి వచ్చాడు. అమ్మ లోపలి నుంచి వచ్చింది. ఆమె కొప్పులో పసుప్పచ్చ చామంతి వాడి ఉంది. నిన్నటి నుంచీ పెద్దమ్మ ఆమెను ఎగతాళి చేస్తూనే ఉంది, 'ఏందే, కొత్త పెండ్లిపిల్లోలె పువ్వు ముడిచినవ్?' అని. అప్పుడు నాకు అదేదీ పట్టలేదు. నా చూపంతా సారు చేతిలో ఉన్న పుస్తకం మీదే.

సారు నోరు విప్పకముందే పెద్దమ్మ కార్డు ఆయన చేతిలో పెట్టింది. 'నీది ఆ దిక్కే గద సారూ. ఆ పిల్ల ఇల్లు నీకు ఎరుకనే ఉంటది. జర చేరెయ్యి.'

ఆయన నిలబడే చదివాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. రెండోసారి కూడా చదివాడు. కార్డు మడవకుండా చొక్కా జేబులో పెట్టుకుని, 'తప్పకుండా పంపిస్తానండీ. ఆ ఇంట్లో మీలాంటి పెద్దమ్మ ఒకరుంటే కథ ఇంతదాకా వచ్చేది కాదు,' అన్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, 'అమ్మా, మీకు అభ్యంతరం లేకపోతే రేపటి నుంచి మీ అమ్మాయికి లెక్కలు ఇక్కడే, ఈ వాకిట్లోనే చెబుతాను. మిగతా ఇద్దరు పిల్లలూ ఇక్కడికే వస్తారు. మీరు మీ పని చేసుకుంటూ ఉండండి,' అన్నాడు.

నోటుబుక్కు నాకిచ్చాడు. లెక్కలన్నీ దిద్ది ఉన్నాయి. పువ్వు లేదు. పువ్వు గురించి ఒక్క మాట లేదు. నా మొహం వైపు చూడను కూడా లేదు. సారు పువ్వు చూశాడు, నన్ను సిగ్గుపెట్టకుండా దాన్ని తీసేశాడు, అందుకే పాఠం అందరి ముందుకు మార్చాడు, అని ఆ క్షణంలోనే నాకు అర్థమైంది. అంత సిగ్గు నా జన్మలో మళ్ళీ పడలేదు. ఆ సిగ్గుతోనే పిచ్చి వదిలింది. రెండు జడలు మళ్ళీ ఒక జడయింది.

వాకిట్లో లెక్కలు చూడవలసిందే. ఒక పక్క పల్లికాయ పొట్టు, ఇంకో పక్క నల్లబల్ల ముక్క. సారు పెద్ద గొంతుతో వడ్డీ లెక్కలు చెబుతుంటే పెద్దమ్మ మధ్యలో, 'గట్లెట్లయితది సారూ?' అని అడ్డం తగిలేది. ఆమెకు అర్థమయ్యేలా మళ్ళీ చెప్పేవాడు. ఆ రెండోసారికే నాకూ అర్థమయ్యేది. లెక్కల్లో నేను గట్టెక్కడానికి సగం కారణం పెద్దమ్మే.

ఇక మిగిలింది సీరియల్ పిల్ల. తర్వాతి వారం అచ్చులో ఆ పిల్ల మాస్టారుతో రైలెక్కింది. నేను పత్రిక చేతిలో పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. తాడు పేనే చప్పుడు దొడ్లో నుంచి వినిపిస్తోంది. బొమ్మ కనబడకుండా పేజీ వెనక్కి మడిచాను. చూపు అక్షరాల మీద పెట్టి, నోటికొచ్చింది చదివాను. ఆ పిల్ల రైలు స్టేషను దాకా పోయిందట. అక్కడ తల్లి గుర్తొచ్చిందట. వెనక్కి తిరిగొచ్చి అంతా తల్లికి చెప్పేసిందట.

'నా కార్డు అందింది!' అంది పెద్దమ్మ.

అప్పటి నుంచి మాఘమాసం దాకా నాకు ఆదివారం అంటే గండమే. శనివారం అచ్చయిన కథ చదవాలి, ఆదివారానికి నా కథ తయారు చేసుకోవాలి. పోయిన వారం ఏం చెప్పానో మరిచిపోతే పెద్దమ్మ పట్టేసేది. 'ఆ పిల్లకు తమ్ముడు లేడంటివి గద, ఇప్పుడెక్కడి నుంచి ఊడిపడ్డడు?' అని అడిగితే, మేనత్త కొడుకని సర్దుకున్నాను. అచ్చులో ఆ పిల్ల మాస్టారి గదిలో అన్నం వండుతూ పాటలు పాడుతోంది. మా వాకిట్లో అదే పిల్ల దీపం ముందు కూర్చుని చరిత్ర బట్టీ పడుతోంది. మాస్టారికి బదిలీ చేయించాను. అది చాలదని పెద్దమ్మ మొహం చూసి మలేరియా కూడా తెప్పించాను.

చదవడం అయ్యాక పత్రిక అమ్మ చేతికి ఇచ్చేదాన్ని. సారు పుస్తకం మాసిపోకూడదని ఆమె చేతులు కడుక్కుని, పేజీలు సాపు చేసి, పాత గుడ్డలో చుట్టి గూట్లో పెట్టేది. ఎన్ని వారాలైనా ఒక్క మాట అడగలేదు.

ఆఖరి వారం అచ్చులో వాళ్ళిద్దరూ సముద్రం ఒడ్డున చేయి చేయి పట్టుకుని నిలబడ్డారు. శుభం. నా కథలో ఆ పిల్ల పరీక్ష రాసి, పాసై, అదే ఊళ్ళో బడిపంతులమ్మ అయింది. పెద్దమ్మ చాట పక్కన పెట్టి ఏడ్చింది. 'నా బిడ్డ గట్టెక్కింది,' అంది. దొడ్లో తాడు చప్పుడు ఆగింది. నాయిన వచ్చి గడపలో నిలబడి నా వైపు చూశాడు.

'పరీక్ష ఏ ఊళ్ళె?' అన్నాడు.

'నాగర్‌కర్నూల్ల నాయినా.'

'నేను తోలుకపోత,' అని మళ్ళీ తాడు దగ్గరికి పోయాడు.

పరీక్ష రాశాను, పాసయ్యాను. ఆ ఎండాకాలమే సారు వాళ్ళ వైపు బదిలీ చేయించుకుని పోయాడు. కార్డు ఎక్కడికి పంపాడో, అసలు పంపాడో లేదో నాకు తెలియదు. తర్వాత నేనూ పంతులమ్మనయ్యాను. ఏ పిల్లకైనా విడిగా పాఠం చెప్పవలసి వస్తే వరండాలో, పదిమంది తిరిగే చోట కూర్చోబెట్టేదాన్ని. పువ్వు చూసి కూడా చూడనట్టు ఉన్న ఆ సారుకు మనసులో దండం పెట్టుకోని రోజు లేదు.

చాలా ఏళ్ళ తర్వాత అమ్మకు కంట్లో పొర తీయించాం. దవాఖానలో మంచం మీద, కళ్ళకు పట్టీతో పడుకుని ఉంది. పొద్దుపోక ఒక వారపత్రిక చదివి వినిపిస్తున్నాను. నాలుగు వాక్యాలు విని చేయి ఎత్తి ఆపింది.

'ఉన్నది ఉన్నట్టే చదువుతున్నవా?'

'అదేందమ్మా?'

'ఇప్పుడు నా కండ్లకు పట్టి ఉంది. బొమ్మ చూడలేను. ఏది చదివితే అది నమ్మాలె.'

పత్రిక మూసేశాను. 'నీకు తెలుసా?' అన్నాను.

'అక్షరం రాకుంటే బొమ్మ గూడ కనబడదా? ఆ పిల్ల రైల్ల కూసున్నది నేను చూసిన. నువ్వేమో స్టేషన్ కాడి నుంచి వాపస్ తెచ్చినవ్.'

'మరి అప్పుడెందుకు అనలేదు?'

'ఏమని అనాలె? అంటే మీ నాయిన ఊకుంటడా? ఆ బొమ్మల పిల్ల ఎట్లాగూ పాయె. నువ్వు చదివే పిల్లన్న పరీక్షకు పోవాలె గద, బిడ్డా.'

పక్క మంచం ముసలామె దగ్గుతోంది. అమ్మ పట్టీ సర్దుకుని, మామూలు సంగతి చెప్పినట్టు ఇంకో మాట అంది.

'ఆ చామంతి గూడ నేనే తీసిన. నువ్వు తానానికి పోయినవ్. సంచీ ఇంత ఎత్తు ఉబ్బింది, చూడకుంటే ఎట్ల? పారెయ్యబుద్ధి గాలె. కొప్పుల పెట్టుకున్న.'

అంటే ఆ పువ్వు సారు చేతికి పోనే లేదు. ఇన్నేళ్ళూ నేను ఆయన చూశాడనే సిగ్గుపడ్డాను, ఆయన దాచాడనే దండం పెట్టుకున్నాను. ఆయన పాఠం వాకిట్లోకి మార్చింది పెద్దమ్మ కార్డు చదివి. నన్ను కాచింది, ఆ వాడిన పువ్వు కొప్పులో పెట్టుకుని, తోడికోడలి ఎగతాళి పడుతూ, నా పక్కనే తిరిగిన మా అమ్మ. నాకు ఏడుపొచ్చింది. అది ఆమెకు తెలియకూడదని పత్రిక మళ్ళీ తెరిచి, ఉన్నది ఉన్నట్టు చదవడం మొదలుపెట్టాను.

'గొంతేమైందే?' అంది అమ్మ.

'ఏం లేదు, పడిశం,' అన్నాను.

'ఆఁ,' అంది. అది కూడా ఆమె నమ్మలేదు.